మిగిలిన అడోబో, సగం లెచోన్ మనోక్ ఉన్నాయి: ఫిలిప్పీన్స్ వాళ్లలా ఫ్రైడ్ రైస్ చేయడం ఎలా?

చద్దిమూట (దావావో)

అందరికీ నమస్తే. ఇక్కడ ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ చదువుతున్నాను. బోర్డింగ్ హౌస్‌లో తెలుగువాళ్లం కొందరం కలిసి ఉంటున్నాం, వంటగది కామన్. నిన్న కింద పోర్షన్‌లో పుట్టినరోజు ఫంక్షన్ జరిగితే చికెన్ అడోబో, అంటే వెనిగర్, సోయా, వెల్లుల్లి వేసి వండిన కోడి, గిన్నెడు పంపించారు. మేం అప్పటికే రోడ్డు పక్కన బొగ్గుల మీద తిప్పి కాల్చే కోడి, అదే లెచోన్ మనోక్, తెచ్చుకున్నాం. రెండూ మిగిలాయి. రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేశాం. అన్నం కూడా బోలెడు ఉంది.

ఇక్కడి కారిందెరియాల్లో, అంటే చిన్న భోజనం హోటళ్లలో, పొద్దున్నే వెల్లుల్లి వేసి వేయించిన అన్నం పెడతారు. పొడిపొడిగా, తెల్లగా, కమ్మటి వాసనతో ఉంటుంది. మేం ఎప్పుడు చేసినా అది మన ఊళ్లో బండి మీద ఫ్రైడ్ రైస్ అయిపోతుంది. సోయా సాస్, క్యాబేజీ, మిరియాల పొడి, అదే రుచి. ఆ మాంసం వేసి ఇక్కడివాళ్ల రుచి రావాలంటే ఏం చేయాలి? సామాను: నాన్‌స్టిక్ పెనం ఒకటి, ఇనుప బాండీ ఒకటి, రైస్ కుక్కర్.

సందేహాలరావు (విజయవాడ)

రాత్రి మిగిలిన అన్నానికి తాలింపు వేయడం కూడా పరాయి దేశం వాళ్ల దగ్గర నేర్చుకోవాలా తమ్ముడూ? బాండీలో నూనె పోసి ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు, చిటికెడు పసుపు వెయ్యి. కోడి ముక్కలు నాలుగు పడెయ్యి. అయిపోయింది. దీనికింత టెన్షన్ ఎందుకు?

మకాటి కోడలు (మనీలా)

రావుగారూ, మీ తాలింపు అన్నానికి నేనూ వీరాభిమానినే, కానీ ఇది వేరే పద్ధతి. మన తాలింపులో వెల్లుల్లి పదింటిలో ఒకటి. ఇక్కడ పెళ్లికొడుకు వెల్లుల్లే.

చద్దిమూట తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు వేర్వేరు వంటలు. కారిందెరియాలో తినేది సినంగాగ్. దాన్లో మాంసం కలవదు. అన్నం, నూనె, వెల్లుల్లి, ఉప్పు, అంతే. మాంసం, హాఫ్ ఫ్రై గుడ్డు పక్కన వస్తాయి. పక్కన నిలవబెట్టి వేయించిన గొడ్డు మాంసం పెడితే తాప్సిలోగ్, తియ్యగా ఊరబెట్టిన పంది మాంసం, అంటే తోసినో, పెడితే తోసిలోగ్, లొంగనీసా అనే సాసేజ్ పెడితే లోంగ్‌సిలోగ్, బంగుస్ చేప పెడితే బంగ్‌సిలోగ్. ఈ పేర్లతో ప్లేటు అమ్మడం 1980ల్లో మరికినాలో వివియన్ డెల్ రొసారియో నడిపిన తాప్సీ హోటల్‌తో జనంలోకి వెళ్లిందని ఇక్కడ చెబుతారు. అంతకు ముందు కూడా ఇళ్లల్లో తిన్నది ఇదే, పేరు లేదంతే.

రెండోది మిగిలిన మాంసాన్ని చీల్చి అన్నంతో కలిపి వేయించడం. నీకు కావలసింది ఇదే. అడోబో మిగిలింది కాబట్టి నీ పని తేలిక.

ఫ్రిజ్‌లోంచి ఆ గిన్నె తియ్యి. కలపకు. పైన లేత పసుపు రంగులో కొవ్వు పేరుకుని ఉంటుంది. దాని కింద గోధుమరంగు పులుసు గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది. మధ్యలో ముక్కలు, బిర్యానీ ఆకులు, మిరియం గింజలు. ఆ కొవ్వును చెంచాతో మెల్లగా ఎత్తి వేరే చిన్న గిన్నెలో వేసుకో. నీ వంటనూనె అదే. సీసాలో నూనె ముట్టుకోనక్కర్లేదు, చాలకపోతే ఒక చెంచా కలుపుకో. వెల్లుల్లి, వెనిగర్, సోయా, మిరియాలు అన్నీ ఆ కొవ్వులోకి దిగి ఉంటాయి. చాలామంది మనవాళ్లు జిడ్డుగా ఉందని దాన్నే తీసి పారేస్తారు. నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముక్కల ఎముకలు తీసేసి వేళ్లతో చీల్చు. కత్తితో తరిగితే ఘనాల్లా ఉంటాయి, అంచులు కరకరలాడవు. చీలిస్తే పీచుల్లా వచ్చి అంచులు బాగా వేగుతాయి. ఇనుప బాండీలో ఆ కొవ్వు సగం వేసి, చీల్చిన మాంసం పరిచి, కదపకుండా ఓ రెండు నిమిషాలు వదిలెయ్యి. ఒకవైపు ఎర్రబడ్డాక తిప్పు. తీసి పక్కన పెట్టు.

ఇప్పుడు వెల్లుల్లి. మూడు కప్పుల అన్నానికి పెద్ద రెబ్బలైతే ఎనిమిది, పది. చిన్నవైతే పదిహేను వేసినా తప్పులేదు. పేస్టు చేయకు. కచ్చాపచ్చాగా దంచి తరుగు. బాండీ చల్లబడ్డాక మిగతా కొవ్వు వేసి, వెల్లుల్లి వేసి అప్పుడు సన్నసెగ పెట్టు. వేడి నూనెలో వేస్తే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. నిదానంగా బుడగలు వచ్చి, తెలుపు పోయి లేత గోధుమరంగు తిరుగుతుంటే సగం తీసెయ్యి. ముదురు రంగు వచ్చేదాకా ఆగితే చేదు. తీశాక కూడా ఆ వేడికి ఇంకాస్త రంగు తిరుగుతుంది.

మిగతా సగం వెల్లుల్లి మీద అన్నం వెయ్యి, సెగ పెంచు. అట్లకాడతో కిందనుంచి పైకి తిరగెయ్యి. అన్నం వేడెక్కి మెతుకులు విడిపోయాక అడోబో పులుసు రెండు, మూడు చెంచాలు బాండీ అంచు వెంబడి పొయ్యి. అన్నం మధ్యలో పోస్తే ముద్ద అవుతుంది. అంచుకు తగిలి సుయ్యిమని ఇంకిపోతుంది, వాసన అన్నానికి పడుతుంది. మాంసం తిరిగి కలిపెయ్యి. రుచి చూడకుండా ఉప్పు వెయ్యకు, సోయాలో ఉన్నది చాలు. తీసి పెట్టిన వెల్లుల్లి పైన చల్లు. గుడ్డు విడిగా, పచ్చసొన కారేలా వేయించి పైన పెట్టుకో.

క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికమ్ వద్దు. స్ప్రింగ్ ఆనియన్ కొంచెం వేస్తే ఎవరూ పోట్లాడరు.

చద్దిమూట (దావావో)

అక్కా, స్క్రీన్‌షాట్ తీసి ఫ్రిజ్‌కి అంటించాం. రెండు సందేహాలు. అన్నం ముద్దలు ముద్దలుగా ఉంది, ఏం చేయాలి? లెచోన్ మనోక్‌కి పులుసు ఉండదు కదా, దాన్నెలా?

ల్యాబ్ కోటు (హైదరాబాద్)

ముద్దల సంగతి తర్వాత. అన్నం "బోలెడు ఉంది" అన్నావు, ఎక్కడుంది? మాంసం ఫ్రిజ్‌లో పెట్టామన్నావు, అన్నం సంగతి రాయలేదు.

చద్దిమూట (దావావో)

కుక్కర్లోనే ఉందండీ. వార్మ్ మీద.

ల్యాబ్ కోటు (హైదరాబాద్)

రాత్రంతా వార్మ్ ఆన్‌లో ఉండి, ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉంటే సరే. కరెంటు పోయి గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే మాత్రం పారెయ్యి. నేను మైక్రోబయాలజీ మనిషిని, ఈ విషయంలో మొహమాటం ఉండదు.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గది వేడిలో ఉండిపోతే మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం వేయించినా పోదు. "బాగా వేయించాం కదా" అన్నది పనికిరాని ధైర్యం. వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు వాడెయ్యాలి. వండిన మాంసం ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు ఆగుతుంది. తీసి వేడి చేసినప్పుడు లోపలిదాకా పొగలు రావాలి.

సందేహాలరావు (విజయవాడ)

మా తాతగారు జీవితమంతా రాత్రి అన్నం పొద్దున్నే తిని తొంభై ఏళ్లు బతికారు. ఆయనకి బాసిల్లస్ గురించి ఎవరూ చెప్పలేదు పాపం.

ల్యాబ్ కోటు (హైదరాబాద్)

మీ తాతగారు తిన్నది చద్దన్నం. నీళ్లో, మజ్జిగో పోసి పులియబెట్టింది. పులుపు పెరిగితే చాలా రకాల బ్యాక్టీరియా వెనక్కి తగ్గుతుంది. పొడి అన్నం గిన్నెలో మూతపెట్టి వదిలేయడం, అదీ దావావో ఉక్కలో, వేరే సంగతి. రెంటినీ ఒక గాట కట్టకండి.

పాత బ్యాచ్ (గుంటూరు)

నేనూ దావావోలోనే చదివాను, చాలా ఏళ్ల కిందట. ల్యాబ్ కోటు గారు చెప్పినది అక్కడ ప్రతి హాస్టల్ గోడమీదా రాయించాలి. కరెంటు పోవడాన్ని అక్కడ బ్రౌన్ అవుట్ అంటారు, ఫ్రిజ్‌లో ఉన్నవి కూడా చూసుకోవాలి.

ముద్దల గురించి: చల్లారిన అన్నాన్ని అక్కడ బహావ్ అంటారు. మా ఇంటి ఓనరు నానాయ్ (అందరూ ఆవిడని అమ్మ అనే పిలిచేవాళ్లం) బాండీ పొయ్యి మీద పెట్టకముందే అన్నం పని ముగించేది. బేసిన్‌లో అన్నం వేసి, వేళ్లు తడి చేసుకుని, ఉప్పు చల్లి, ముద్దను రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కకుండా విప్పేది. నొక్కితే మెతుకు చితికి జిగురొస్తుంది. ఉప్పు అప్పుడే వేస్తే ప్రతి మెతుక్కీ సమానంగా పడుతుంది, బాండీలో కలిపినట్టు ఒకచోట ఉప్పగా, ఒకచోట చప్పగా ఉండదు. ముద్దలతోనే బాండీలో వేసి అట్లకాడతో పొడిస్తే అన్నం నూకలవుతుంది.

ఫ్రిజ్ అన్నం మరీ గట్టిగా ఉంటే కాసిని నీళ్లు చిలకరించి ఒక్క నిమిషం మూత పెట్టు, చాలు.

నాన్‌స్టిక్ వద్దు, ఇనుప బాండీ వాడు. బాండీ బాగా కాలాక కొవ్వు రాస్తే అంటుకోదు. ఒకేసారి నలుగురికి వేయించకు. బాండీ నిండితే అన్నం వేగదు, ఉడుకుతుంది. రెండు వాయిలు చెయ్యి.

మకాటి కోడలు (మనీలా)

లెచోన్ మనోక్ సంగతి. ఆ కోడి కడుపులో తంగ్లాద్ (నిమ్మగడ్డి) కట్ట పెట్టి కాలుస్తారు కాబట్టి మాంసానికి దాని వాసన పట్టి ఉంటుంది. రొమ్ము మాంసం మర్నాటికి పీచులా ఎండిపోతుంది, తొడ భాగం బాగుంటుంది. ముందు తోలు ఒలుచు. చిన్న ముక్కలు చేసి చల్లటి బాండీలో వేసి సన్నసెగ మీద వదిలేస్తే దాని కొవ్వు అదే వదులుతుంది. తోలు అప్పడంలా అయ్యాక తీసి, ఆ కొవ్వులో వెల్లుల్లి వేయించు. తొడ మాంసం అన్నంతో పాటు వెయ్యి. రొమ్ము మాంసాన్ని మాత్రం అన్నం అంతా వేగాక, దించే ముందు కలుపు. ముందే వేస్తే ఇంకా ఎండిపోతుంది. పులుసు లేదు కాబట్టి ఉప్పు, మిరియాలు, ఒక్క చెంచా సోయా. దించాక కలమన్సి (ఇక్కడి చిన్న నిమ్మకాయ) పిండు. తోలు ముక్కలు తినబోయే ముందు పైన చల్లు, కలిపితే మెత్తబడతాయి.

అడోబో, మనోక్ ఒకే బాండీలో కలపకు. వెనిగర్ ధాటికి నిమ్మగడ్డి వాసన ఏమీ మిగలదు.

ఎడారి మల్లె (కువైట్)

నేను ఇక్కడి హాస్పిటల్లో నర్సును. మా వార్డులో ఫిలిప్పీన్స్ అమ్మాయిలు చాలామంది. నైట్ డ్యూటీ దిగాక వాళ్ల రూముల్లో ఇదే వండుకుంటారు. కువైట్‌లో పంది మాంసం దొరకదు, కాబట్టి వాళ్లు కోడి, డబ్బా కార్న్‌డ్ బీఫ్, ఎండుచేపలతో చేస్తారు. మనవాళ్లకి ఆ మూడోది నచ్చుతుంది. తుయో అంటే ఉప్పు పట్టించి ఎండబెట్టిన చిన్న చేప. నూనెలో కరకరా వేయించి, ముల్లు తీసి, నలిపి వెల్లుల్లి అన్నంలో కలుపుతారు. పక్కన టమాటా ముక్కలు, వెనిగర్‌లో పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసిన నంజుడు. తలుపులు వేసినా వాసన కారిడార్ దాటుతుంది, అది వేరే కథ. మా బిల్డింగ్‌లో గొడవ పెట్టుకునేది మాత్రం ఎండుచేప వాసన తెలియని వాళ్లే, తీరప్రాంతం వాళ్లు ప్లేటు పట్టుకుని వస్తారు.

గోదారిగట్టు (భీమవరం)

ఎండు నెత్తళ్లతో చేస్తే? మా దగ్గర వాటికి కరువు లేదు.

ఎడారి మల్లె (కువైట్)

భేషుగ్గా వస్తుంది. వాళ్లూ దిలీస్ అని నెత్తళ్లనే వాడతారు. తలలు గిల్లి, నీళ్లలో ఒకసారి జాడించి, తడి ఆరాక వేయించండి. ఉప్పు వేరే వద్దు.

గోదారిగట్టు (భీమవరం)

సరదాగా ఒక మాట. ఫిలిప్పీన్స్ అన్నం, మా అన్నం ఎప్పుడో చుట్టాలయ్యాయి. అక్కడి లాస్ బానోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో ఐఆర్8 అనే వరి వంగడాన్ని విడుదల చేస్తే, 1967లోనే మా జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు వేసి దిగుబడి చూపించారు. ఆయన్ని మిస్టర్ ఐఆర్8 అనేవాళ్లు. దిగుబడి అదిరింది కానీ అన్నం రుచి గురించి మా పెద్దవాళ్లు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. వేయించుకుని తింటే తెలిసేది కాదేమో!

న్యూజెర్సీ నాయుడు (ఎడిసన్)

మా ఆఫీసులో ఫిలిప్పీన్స్ ఆవిడ థాంక్స్‌గివింగ్ మర్నాడు మిగిలిన టర్కీతో ఇదే చేసి తెచ్చింది. టర్కీ రొమ్ము మాంసం సంగతి తెలుసుగా, నమలలేం. ఆవిడ ఏం చేసిందంటే, చీల్చిన మాంసాన్ని ముందు వెనిగర్, సోయా, వెల్లుల్లి, మిరియాలు, బిర్యానీ ఆకు, కాసిని నీళ్లు పోసి పావుగంట సన్నసెగ మీద ఉడికించింది. అంటే మిగిలిన మాంసాన్నే అడోబో చేసింది. ఆ పులుసు ఇగిరి మాంసానికి పట్టాక అన్నంలో వేయించింది. మకాటి కోడలు గారూ, లెచోన్ మనోక్ రొమ్ముకి ఈ పద్ధతి పనికొస్తుందా?

మకాటి కోడలు (మనీలా)

పనికొస్తుంది, ఇక్కడా చేస్తారు. ఒక్క జాగ్రత్త. వెనిగర్ పోశాక అది తెర్లి ఘాటు తగ్గేదాకా గరిటె పెట్టకూడదని ఇక్కడి పెద్దవాళ్ల కట్టుబాటు. మూత కూడా తీసే ఉంచండి. పచ్చి వెనిగర్ వాసన పోయాకే కలపండి.

ఇంకో సంగతి. ఇక్కడ పెద్ద విందుల్లో పందిని నిలువునా కాలుస్తారు, అది లెచోన్ బాబోయ్. మర్నాటికి దాని తోలు గాజులా ఉన్నది కాస్తా తోలుచెప్పులా సాగుతుంది. అప్పుడు ఎక్కువమంది వెనిగర్, లివర్ సాస్ వేసి పక్సివ్ వండేస్తారు. ఆ పక్సివ్ కూడా మిగిలితే అన్నంలో వేయించడం మూడో రోజు వంట. సిసిగ్ కథ కూడా మిగిలిన వాటితో ముడిపడ్డదే. ఆంహెలెస్ నగరం పక్కనున్న క్లార్క్ అమెరికా సైనిక స్థావరంలో పంది తలలు వాడకుండా వదిలేస్తే, అవి చవగ్గా వచ్చేవి. 1970ల్లో ఆలింగ్ లూసింగ్‌గా పేరు తెచ్చుకున్న లూసియా కునానన్ వాటి చెవులు, దవడలు కాల్చి, తరిగి, ఉల్లి, కలమన్సి వేసి అమ్మింది. ఈరోజు సిసిగ్ మిగిలితే దాన్నీ అన్నంలో వేయిస్తారు. చాలా కొవ్వుగా ఉంటుంది, గుప్పెడు సిసిగ్ చాలు.

ఆవకాయ జాడీ (కాకినాడ)

పందులూ, గొడ్లూ తప్ప వేరే మాటే లేదా ఇక్కడ?

నిర్వాహకుడు

ఎవరేం తినాలన్న చర్చ ఇక్కడ వద్దు. ఫిలిప్పీన్స్ వంట గురించి మాట్లాడుతున్నారు, అక్కడ తినేవే వస్తాయి. అడిగింది కోడి గురించి.

ఆవకాయ జాడీ (కాకినాడ)

సరే. అయితే మాంసం తిననివాళ్లకి దీన్లో ఏముంది? నిజంగానే అడుగుతున్నా.

మకాటి కోడలు (మనీలా)

అసలు సినంగాగే శాకాహారం కదండీ. వెల్లుల్లి తింటే చాలు. ఇక మాంసం రుచి లాంటిది కావాలంటే అడోబో పద్ధతే దారి. ఇక్కడ తూటికూరను కంగ్‌కోంగ్ అంటారు, దాన్ని కూడా వెనిగర్, సోయా, వెల్లుల్లితో అడోబో చేస్తారు. పుట్టగొడుగులతో చేస్తే ఇంకా బాగుంటుంది. పుట్టగొడుగుల్ని చీల్చి, నీరంతా ఇగిరి ఎర్రబడేదాకా వేయించి, తర్వాత సాస్ పొయ్యండి. అన్నంలో కలిపేటప్పుడు పైన చెప్పినట్టే. కొవ్వు లేదు కాబట్టి నూనె ఒక చెంచా ఎక్కువ పడుతుంది.

కొత్త కాపురం (కరీంనగర్)

పాత బ్యాచ్ అన్నా, ఇండియాలో ఇవన్నీ దొరకవు కదా. ఇక్కడ చేసుకోవాలంటే ఏం వాడాలి? మాది సోనా మసూరి అన్నం. ఇంకోటి, మిగిలేది అడోబో కాదు, మటన్ కూరే. దాంతో అవుతుందా?

పాత బ్యాచ్ (గుంటూరు)

ముందు బియ్యం. పాత సోనా మసూరి బాగానే వస్తుంది, నీళ్లు ఎప్పటికంటే కొంచెం తగ్గించి వండాలి. కొత్త బియ్యమైతే ముద్దవుతుంది. బాస్మతి వద్దు. మెతుకు పొడుగు, వాసన వేరే, అది బిర్యానీ బాట పడుతుంది.

వెనిగర్ దగ్గర జాగ్రత్త. అక్కడ కొబ్బరి కల్లుతోనో చెరకుతోనో చేసిన వెనిగర్ వాడతారు, మెత్తగా ఉంటుంది. మన కిరాణా కొట్లో తెల్లగా నీళ్లలా దొరికేది చాలావరకు సింథటిక్, సీసా మీద రాసే ఉంటుంది. అది గొంతు పట్టుకుంటుంది. దాన్నే వాడాల్సి వస్తే సగానికి సగం నీళ్లు కలుపు. గోవా వాళ్ల కొబ్బరి వెనిగర్ దొరికితే అదే దగ్గరి చుట్టం.

సోయా సాస్ డార్క్ అని రాసి ఉన్నది కొనకు. అన్నం నల్లబడి తియ్యగా అవుతుంది. లైట్ సోయా చాలు, అదీ మాంసానికి. అన్నం మీద నేరుగా పోయకు. కలమన్సి బదులు నిమ్మకాయ. బిర్యానీ ఆకు మనది దాల్చిన వాసనతో ఉంటుంది, వాళ్లది వేరే చెట్టు ఆకు. మనది వేస్తే ఒక్కటే వెయ్యి, లేకపోతే మానెయ్.

మటన్ కూర సంగతి. నిజం చెప్పాలంటే ఇగురు కూర వేసి వేయిస్తే అది ఫిలిప్పీన్స్ ఫ్రైడ్ రైస్ కాదు, మటన్ కలిపిన అన్నం. అదీ రుచే, కాదనను. కానీ ధనియాలు, గరం మసాలా, కారం ఉన్న గ్రేవీ పెద్ద సెగకు ఇట్టే మాడిపోయి చేదొస్తుంది. వెల్లుల్లి రుచి ఊరూ పేరూ లేకుండా పోతుంది. అలా కాకుండా వేపుడు మిగిలితే, అదీ మిరియాల వేపుడు లాంటిదైతే, చక్కగా పనికొస్తుంది. కూర వండబోయే ముందు ఉప్పు వేసి ఉడికించిన మాంసం ఒక గుప్పెడు పక్కకి తీసుకో. అది ఫ్రిజ్‌లో పెట్టుకుని, మర్నాడు నాయుడు గారు చెప్పిన పద్ధతిలో వెనిగర్, సోయాలో ఉడికించి వాడు. మిగలకముందే మిగల్చడం అన్నమాట.

కొత్త కాపురం (కరీంనగర్)

మంచి ఐడియా. మా ఆయనకి పసుపురంగు అన్నం కావాలట, మనీలా హోటల్లో తిన్నాడట, బార్బెక్యూ పక్కన పెట్టారట. అదేంటి?

మకాటి కోడలు (మనీలా)

జావా రైస్. 1936 నుంచి మనీలాలో నడుస్తున్న అరిస్టోక్రాట్ హోటల్లో చికెన్ బార్బెక్యూతో ఇదే ఫేమస్. సినంగాగ్ లాంటిదే, పసుపో అత్సువేతె గింజలో వేసి రంగు తెస్తారు. ఇళ్లల్లో చేసేటప్పుడు కొందరు బనానా కెచప్, వెన్న కూడా వేస్తారు. కొద్దిగా తీపి ఉంటుంది. పొగ వాసన ఉన్న కాల్చిన మాంసం పక్కన బాగుంటుంది. మిగిలిన అడోబోతో మాత్రం చేయొద్దు.

పాత బ్యాచ్ (గుంటూరు)

అత్సువేతె అంటే మన జాఫ్రా గింజలే. మన్యం వైపు వాళ్లనడిగితే తెచ్చిస్తారు. ఒక చెంచా గింజలు గోరువెచ్చటి నూనెలో వేసి, నూనె ఎర్రబడగానే గింజలు తీసెయ్యాలి. ఎక్కువసేపు కాగితే చేదు.

సందేహాలరావు (విజయవాడ)

ఊరికే ఎందుకని నిన్న రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెట్టించి (ల్యాబ్ కోటు గారూ, రెండు గంటల్లోపే), పొద్దున ఒట్టి వెల్లుల్లితో చేయించాను. కరివేపాకు వేయకుండా చేయడానికి మా ఆవిడ ససేమిరా అంది. చివరికి ఒప్పుకుంది. గుడ్డుతో తిన్నాను. బాగుంది. కాకపోతే పక్కన గోంగూర పచ్చడి పెట్టుకున్నాను. ఇది వాళ్ల పద్ధతికి విరుద్ధమా?

మకాటి కోడలు (మనీలా)

ఏం విరుద్ధం కాదండీ. ఇక్కడ కూడా పక్కన పులుపు ఉండాల్సిందే. బొప్పాయికాయ తురుముతో చేసే అచ్చారా పెట్టుకుంటారు, లేదా వెనిగర్‌లో మిర్చి. ఇంత కొవ్వు, వెల్లుల్లి తిన్నాక నోటికి పులుపు తగలాలి. ఆ పని గోంగూర చేస్తుంది. అడోబో అన్నమైతే మాత్రం గోంగూర వద్దు, అందులోనే పులుపుంది. దోసకాయ ముక్కలు, టమాటా చాలు.

చద్దిమూట (దావావో)

అందరికీ థాంక్స్. కుక్కర్లో అన్నం రాత్రంతా వేడిగానే ఉంది, అయినా ల్యాబ్ కోటు గారి దెబ్బకి వేరే వండి, పళ్లెంలో ఆరబెట్టి, ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం చేశాం. అడోబో కొవ్వులో వెల్లుల్లి వేగుతుంటే కింద పోర్షన్ ఆంటీ మెట్లెక్కి వచ్చి బాండీలోకి తొంగి చూసింది. పులుసు అంచు వెంబడి పోస్తుంటే "తామా, తామా" అంది, కరెక్టే అని. తర్వాత తనే అట్లకాడ లాక్కుని అన్నాన్ని బాండీకి అదిమి పెట్టి వదిలేసింది. కాసేపటికి అడుగున పలచగా కరకరలాడే పొర వచ్చింది. అది గీరి అందరికీ తలా కొంచెం పెట్టింది. ఆ అడుగు కోసం మా రూమ్మేట్లు ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు.

మనోక్ మాంసం కూడా చీల్చేశాం, రేపు పొద్దున్నకి. బొమికలు మిగిలాయి. పారేయమంటారా?

మకాటి కోడలు (మనీలా)

అదిమి పెట్టడం గురించి నేను రాయడం మర్చిపోతే ఆంటీ పట్టుకుంది చూడు!

బొమికలు పారెయ్యకు. నీళ్లు పోసి, అల్లం దండిగా దంచి వేసి గంటసేపు మరిగించి వడగట్టు. ఆ నీళ్లలో గుప్పెడు బియ్యం వేసి జావలా మెత్తగా ఉడికించు, ఇక్కడ అరోస్ కాల్దో అంటారు. చీల్చిన మాంసం కొంచెం, వేయించిన వెల్లుల్లి, ఉల్లికాడలు పైన వేసుకుని కలమన్సి పిండుకోవడమే. పరీక్షల రోజుల్లో జలుబు చేసినవాడికి పెట్టు. ఇప్పుడు మరిగించే ఓపిక లేకపోతే బొమికలు కవర్లో కట్టి ఫ్రీజర్‌లో పడెయ్యి. కవర్ మీద తేదీ రాయి, లేకపోతే ల్యాబ్ కోటు గారు మళ్లీ వస్తారు.

ల్యాబ్ కోటు (హైదరాబాద్)

వచ్చాను. ఆ మనోక్ మాంసం ఎప్పుడు కొన్నదో లెక్క చూసుకో. రేపు పొద్దున అంటే రేపు పొద్దునే, ఎల్లుండి కాదు.